నాలుగు మూలల గింజలు

షామీర్‌పేట చెరువు మీద నీటి పక్షుల లెక్కకు వెళ్ళడం మొదలుపెట్టి నాకిది ఏడో ఏడు. ప్రతి జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే పదిమందిమి కట్ట మీద చేరతాం. బైనాక్యులర్లు పట్టుకునేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు పేరూ సంఖ్యా చెబుతారు, నేను రాస్తాను. పక్షుల గురించి నాకేదో తెలుసని ఆ పని ఇవ్వలేదు. పంటల విస్తీర్ణాలు, దిగుబడులు కూడి పైకి పంపే కార్యాలయంలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. "ఓ వంద దాకా ఉంటాయండీ" అని ఎవరైనా అంటే నా కలం ఆగిపోతుంది. వందా, తొంభై ఆరా అని అడుగుతాను. మొదట్లో విసుక్కునేవారు. ఇప్పుడు నేను అడక్కముందే రెండోసారి లెక్కపెడుతున్నారు.

మా చెల్లెలూ నేనూ తూంకుంటలో ఒక కొత్త లేఅవుట్‌లో కలిసి ఉంటున్నాం. మాది కోస్తా. ఉద్యోగాల వల్ల ఇటు వచ్చి, పింఛన్లు మొదలయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. చెల్లెలికి పక్షుల గొడవ పట్టదు. "కాకి వాలినా సరే, మా అక్క దానికి రేషన్ కార్డు ఉందా అని అడుగుతుంది" అని వీధిలో అందరికీ చెబుతుంది. చెప్పుకోనీ.

నేను రాసిన అంకెలు ఎక్కడికి పోతాయో తెలుసుకోకుండా రాస్తూ పోవడం నాకు చేతకాదు. అందుకని చదివాను. ఏ జీవి ప్రమాదంలో ఉంది, ఏది లేదు అని తేల్చే ప్రపంచ జాబితా ఒకటి ఉంది. దాని పద్ధతి నాకు నచ్చింది. అందులో అభిప్రాయాలకు చోటు తక్కువ. పదేళ్ళలో గాని, ఆ జీవి మూడు తరాల కాలంలో గాని, రెంటిలో ఏది ఎక్కువైతే ఆ వ్యవధిలో సంఖ్య ఎంత శాతం పడిపోయింది? అది తిరిగే నేల ఎన్ని చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది? పిల్లల్ని కనగల వయసువి ఎన్ని మిగిలాయి? ముప్పై శాతం తగ్గితే ఒక మెట్టు, యాభై తగ్గితే దాని పైది, ఎనభై తగ్గితే ఇంకా పైది. సరిపడా సమాచారం లేకపోతే ఆ మాటే రాయడానికి ఒక గడి కూడా ఉంది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో అటువంటి గడి నాకెవరూ ఇవ్వలేదు. తెలియకపోయినా ఏదో ఒక అంకె వెయ్యాల్సిందే.

అయితే ఆ జాబితాకు పోలీసులు లేరు. కాపాడడం ఏ దేశానికి ఆ దేశం చేసుకున్న చట్టం పని. కెనడాలో శాస్త్రజ్ఞుల సంఘం ఒక జీవి స్థితి ఏమిటో చెబుతుంది, దాన్ని చట్టంలో చేర్చాలా వద్దా అన్నది ప్రభుత్వం విడిగా నిర్ణయిస్తుంది. మన దగ్గర చట్టానికి షెడ్యూళ్ళున్నాయి. మొదటి షెడ్యూలులో ఉన్నదాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. ప్రపంచ జాబితానూ మన షెడ్యూళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే రెండు కూడికలూ ఒకదానితో ఒకటి సరిపోవు. వాలుగ చేప ప్రపంచ జాబితాలో ప్రమాదపు మొదటి మెట్టు మీద ఉంది. షామీర్‌పేట కట్ట దగ్గర దాన్ని ముక్కలు కోసి అమ్ముతారు, మా చెల్లెలు పులుసు పెడుతుంది, ఎవరికీ ఏ భయమూ లేదు. నెమలి ప్రపంచ జాబితాలో చింత లేని గడిలో ఉంది. మన చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. జాతీయ పక్షి కనుక అలా పెట్టారు. ఎక్కడా అన్యాయం జరిగిందని నేననను. రెండు జాబితాలూ రెండు వేరే ప్రశ్నలకు జవాబులు. ఒకటి ఎన్ని మిగిలాయి అని అడుగుతుంది. రెండోది మనం దేన్ని పోగొట్టుకోదలచుకోలేదు అని అడుగుతుంది. ఆ తేడా ఒక మనిషి మెడకు చుట్టుకోవడం మాత్రం రెండేళ్ళ కిందట చూశాను.

మా వీధికి వారానికి రెండు రోజులు ఒకామె కూరగాయలు తెచ్చేది. నలభై ఏళ్ళు ఉంటాయి. అలియాబాద్ దగ్గర ఎకరమున్నర కౌలుకు చేస్తుంది. భర్త గాజులరామారంలో గది తీసుకుని అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆదివారాలు వస్తాడు. పొలం బాధ్యతంతా ఆమెదీ, ఆమె అత్తదీ. నన్ను పెద్దమ్మా అనీ, చెల్లెల్ని చిన్నమ్మా అనీ పిలిచేది. చెల్లెలికీ ఆమెకూ మంచి జత. నాతో మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండేది, తూకం నేను రెండుసార్లు చూస్తానని.

అక్టోబరు నెలాఖరున ఒక పొద్దున చెరువు లెక్కలో పరిచయమైన అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరు ఫోన్ చేశాడు. అలియాబాద్ దగ్గర నెమళ్ళు చచ్చిపోయాయనీ, పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలనీ, ఊళ్ళో ఎవరూ సంతకానికి ముందుకు రావడం లేదనీ చెప్పాడు. మీరైతే చూసింది చూసినట్టు చెబుతారు అన్నాడు. ఆటోలో వెళ్ళాను. చెల్లెలు ఊరికే తోడొచ్చింది.

పొలం ఒక కొత్త కాలనీ ప్రహరీకి ఆనుకుని ఉంది. ఒక పక్క రోడ్డు, ఒక పక్క ప్రహరీ, మూడో పక్క పక్కవాళ్ళ బీడు, నాలుగో పక్క సర్కారు తుమ్మ పొదలు. నెమళ్ళు ఆ పొదల్లోంచే వస్తాయి. గట్టు మీద కూరగాయలామె నిలబడి ఉంది. అది ఆమె పొలమని ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఆమె మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది. వెనక ఆమె అత్త రాయి మీద కూర్చుని ఉంది.

రెండో సాక్షి కాలనీ సంఘం కార్యదర్శి. మేడ మీంచి చచ్చిన పక్షుల్ని చూసి ఫోన్లో వీడియో తీసి అటవీ శాఖకు చెప్పింది ఆయనే. ఆయనదీ మా జిల్లాయేనని రెండు మాటల్లో కనుక్కుని, ఇంక నేను తనవైపేనని లెక్క వేసుకున్నాడు. వీళ్ళు కావాలనే విషం పెట్టారండీ, రోజూ నెమళ్ళను డబ్బా కొట్టి తరమడం మా ఆవిడ చూస్తూనే ఉంది అని చెప్పాడు. డబ్బా కొట్టడం నిజమే. మొక్కజొన్న వేసిన ప్రతివాళ్ళూ కొడతారు. నెమళ్ళు విత్తిన మర్నాడే సాలు పట్టుకుని వరసగా తవ్వుకుంటూ పోతాయి. ఆ పంట కారులో ఆమె అప్పటికే ఒకసారి విత్తి పోగొట్టుకుని రెండోసారి విత్తింది. మూడోసారి విత్తడానికి అదను ఉండదు. పంట రాకపోతే కౌలు వదులుకోవాలి. ఇదంతా ఆమె అంతకుముందే కూరలు తూస్తూ చెల్లెలికి చెప్పింది.

సెక్షన్ ఆఫీసరు ముందే సగం రాసి ఉంచాడు. చదివి వినిపించాడు. తుమ్మ పొదల పక్క గట్టు మీద విషం కలిపిన మొక్కజొన్న గింజలు చల్లి ఉన్నాయి, వాటిని తిని రెండు ఆడ నెమళ్ళు, ఒక మగ నెమలి మరణించాయి, గింజల నమూనా సీలు చేయడమైనది. కార్యదర్శి వెంటనే కలం తీశాడు. నేను చేలో తిరిగి చూసి గాని సంతకం పెట్టనన్నాను. ఆఫీసరు తలూపాడు. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు.

మొదట పొదల పక్క మూలకు వెళ్ళాను. నెమళ్ళు మూడూ పది గజాల లోపల పడి ఉన్నాయి. మగదాని తోక అప్పుడప్పుడే పెరుగుతోంది. అక్కడితో అయిపోలేదు. పొద కింద ఏడు గోరింకలు, నాలుగు గువ్వలు ఉన్నాయి. అవి కాగితంలో లేవు. మూలలో ఒక చిన్న రాయి, దానికి పసుపు, కుంకుమ బొట్టు, ముందు నాలుగైదు గులాబీ రంగు గింజలు, చుట్టూ పొట్టు. చేలో సాళ్ళు కూడా చూశాను. పొదల వైపు ఆరు సాళ్ళలో మట్టి లేచి ఉంది, గోళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. అంటే నెమళ్ళు విత్తిన గింజలూ తవ్వుకు తిన్నాయి, మూల రాయి ముందున్నవీ తిన్నాయి.

రాయి చూశాక మిగతా మూలలు కూడా చూడాలనిపించింది. చేను చుట్టూ నడిచాను. నాలుగు మూలల్లోనూ అదే. రాయి, పసుపు, గుప్పెడు గింజలు. రోడ్డు పక్క మూలలో గింజల్ని ఏదీ ముట్టలేదు, చీమలు కూడా పట్టలేదు. ప్రహరీ పక్క మూలలో రెండు గోరింకలు పడి ఉన్నాయి. బీడు పక్క మూలలో గింజలు ఎండిపోయి అలాగే ఉన్నాయి.

ఆమె అత్తను అడిగాను, ఇదేమిటని. ఆమె దాచలేదు. పిట్టల పాలు అంది, పిట్టల వాటా అన్నమాట. విత్తనం విత్తడం అయ్యాక మిగిలింది ఇంటికి తీసుకుపోకూడదట. నాలుగు మూలలకూ నాలుగు పిడికిళ్ళు పిట్టలకు పెట్టి, గంప బోర్లించి ఇంటికి పోవాలట. తన అత్త పెట్టిందట, తానూ పెడుతూ వచ్చిందట. అప్పుడు ఇంట్లో దాచిన గింజే విత్తనం. ఇప్పుడు సంచిలోనే రంగు పూసి వస్తోంది. పైగా కత్తెర పురుగు ఎక్కువగా ఉందని దుకాణదారు ఇంకో సీసా ఇస్తే కోడలు అది కూడా కలిపింది. మిగిలిన ఆ గింజలనే అత్త గంపలోంచి తీసి మూలలకు పెట్టింది.

ఆఫీసరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మందు కలిపిందని తెల్వదా అవ్వా?" అన్నాడు.

"తెల్వకేంది. కోడలు నా ముంగటనే కలిపింది."

"మరి పిట్టలకెట్ల పెట్టినవ్?"

ముసలామె అతనివైపు చూసింది. అర్థం కాని ప్రశ్న అడిగినట్టు. "మందు పురుగుకు గద సారూ. పిట్టకేమైతది?"

కార్యదర్శి నవ్వాడు. చెల్లెలు అతనికేసి చూసిన చూపుకు ఆ నవ్వు మధ్యలో ఆగింది. ముసలామె చెప్పిన దాంట్లో నాకు నవ్వు కనపడలేదు. గట్టు పక్కన పడి ఉన్న మందు సీసా మీద పురుగు బొమ్మే ఉంది. నెమలి బొమ్మ లేదు.

ఆఫీసరు ఫోన్ మాట్లాడడానికి రోడ్డు వైపు వెళ్ళాడు. అప్పుడు కూరగాయలామె నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది గాని ప్రాధేయపడలేదు. బేరం చెప్పేటప్పటి గొంతే.

"పెద్దమ్మా, మూలల ముచ్చట రాయొద్దు. సాళ్ళల్లకెళ్ళి తవ్వుకొని తిన్నయని రాయి. అది అబద్ధం గాదు గద."

"అది నిజమే. అది రాస్తాను."

"గదే రాయి. గంతవరకే రాయి. సాళ్ళల్లది తింటే నా తప్పేముంది? మట్టిల పెట్టిన ఇత్తనం. మూలల పెట్టిందంటే ఎర పెట్టిన్రంటరు. నన్ను తీస్కపోతరు, లేకపోతే అవ్వను తీస్కపోతరు. ఏడేండ్లంట."

"ఎవరు చెప్పారు ఏడేళ్ళని?"

"గా కాలనీ సారే చెప్పిండు. గోడ మీదికెళ్ళి."

నేను చూసినవన్నీ రాయిస్తాననీ, చూడనిది ఒక్క ముక్క రాయించననీ చెప్పాను. చిన్నమ్మైతే ఇట్ల చెయ్యకపోవు అంది. బహుశా నిజమే. చెల్లెలు చెయ్యదు. చెల్లెలు దూరంగా నిలబడి నన్నే చూస్తోంది.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. రెండు దారులూ నేను ఆలోచించాను. మూలల సంగతి వదిలేస్తే ఏమవుతుంది? గింజల నమూనా అప్పటికే ఆఫీసరు తీసేశాడు. తీసింది పొదల పక్క మూలలోంచే. పరీక్షలో మందు బయటపడుతుంది. గట్టు మీద, పొద పక్కన, నెమళ్ళు వచ్చే చోట మాత్రమే మందు గింజలున్నాయని కాగితం చెబుతుంది. అది చదివిన ఏ అధికారి అయినా ఎర అనుకుంటాడు. ఒక మూల గురించి రాసి మిగతా మూడింటి గురించి రాయకపోతే ఆ ఒక్క మూల అబద్ధం చెబుతుంది. ఇదంతా ఆమెకు విడమర్చి చెప్పాను. ఆమె వినలేదు. అప్పుడామెకు వినే స్థితి లేదు. నాలుగు మూలలంటే నాలుగు రెట్లు తప్పు అన్నట్టే ఆమెకు వినపడింది.

ఆఫీసరు తిరిగి వచ్చాక మార్పులు చెప్పాను. ‘విషం కలిపిన’ అన్నది కొట్టెయ్యమన్నాను. నాకు కనపడింది గులాబీ రంగు, విషం అవునో కాదో పరీక్ష చెబుతుంది. ‘చల్లి ఉన్నాయి’ అన్నది కొట్టేసి, నాలుగు మూలలా పసుపు రాసిన రాయి ముందు గుప్పెడు చొప్పున అని రాయమన్నాను. ఏ మూలలో ఎన్ని గింజలు మిగిలాయో, ఏ మూల దేనికి పక్కనో రాయమన్నాను. ఆరు సాళ్ళలో గోళ్ళ గుర్తులు. అత్త చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే. ఇంకా గోరింకలు తొమ్మిది, గువ్వలు నాలుగు.

చివరిదాని దగ్గర ఆఫీసరు ఆగాడు. "మేడం, గోరింకలెందుకు? అవి రాస్తే కేసు పెద్దగైతది. వాళ్ళకే నష్టం."

"నష్టమో లాభమో నేను చెప్పలేను. చచ్చి పడి ఉన్నాయి."

"నెమళ్ళకే కదా ఫోన్ వచ్చింది."

"ఫోన్ రాకపోతే చచ్చినట్టు కాదా?"

అతను రాసుకున్నాడు. మంచివాడే. ఎండలో జీపు బానెట్ మీద పెట్టి మొత్తం మళ్ళీ రాశాడు. కార్యదర్శి రెండుసార్లు పొద్దుపోతోందన్నాడు. రోడ్డు పక్క మూల గురించి చదివేటప్పుడు మాత్రం ఆయన కాస్త తగ్గాడు. ఆ మూల తన మేడ మీంచి కనపడదట. సంతకాలయ్యాయి. నెమళ్ళను తెల్లగుడ్డలో చుట్టి జీపులో పెట్టారు. జాతీయ పక్షికి అలా చెయ్యాలట. గోరింకల్ని, గువ్వల్ని ఒక సంచిలో వేశారు.

ఆ రోజు ఎవరినీ తీసుకుపోలేదు. వారం తర్వాత ఇద్దరినీ రేంజ్ కార్యాలయానికి పిలిచారు. తర్వాత మరి మూడుసార్లు. పిలిచిన ప్రతిసారీ భర్త ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చేవాడు. భూమి యజమానికి భయం పట్టుకుంది. కేసున్న మనిషికి కౌలు ఇయ్యననీ, ఈ పంట అయ్యాక పొలం వదిలెయ్యమనీ చెప్పాడు. ఇవన్నీ నాకు ఇతరుల ద్వారా తెలిశాయి. ఆమె మా వీధికి రావడం మానేసింది. చెల్లెలు గోంగూర కోసం రెండు వీధులు అవతలికి నడిచేది. నడిచొచ్చిన ప్రతిసారీ సంచి బల్ల మీద పెట్టి, "నీ పంచనామా కూర తెచ్చాను, వండుకో" అనేది. ఒకసారి మాత్రం మామూలు గొంతుతో అడిగింది, ఆమెకు నిజంగా జైలు పడితే ఏం చేస్తావని. నాకు తెలియదన్నాను.

ఆ శీతాకాలంలో చెరువు లెక్క మామూలుగానే జరిగింది. నల్లని నెత్తి, పసుపు ముక్కు ఉండి నీటి మీద తేలిగ్గా ఎగిరే ఒక పక్షి ఉంది. నది దిబ్బల ఇసుకలో గుడ్లు పెడుతుంది. అది కూడా ప్రపంచ జాబితాలో ప్రమాదపు మెట్టు మీదికి వచ్చింది. ఆ రోజు మాకు మూడు కనపడ్డాయి. రెండా మూడా అని వాదన వచ్చి, మళ్ళీ చూసి మూడే రాశాం. రాస్తున్నప్పుడు, ఈ మూడిటిలో ఒకటి వలలో చిక్కి చస్తే ఎవరు వీడియో తీస్తారు అన్న ఆలోచన వచ్చింది.

పరీక్ష ఫలితం ఫిబ్రవరిలో వచ్చింది. రెండు మందులూ బయటపడ్డాయి. విత్తనంతో వచ్చినది, తర్వాత కలిపినది. ఏప్రిల్లో సెక్షన్ ఆఫీసరు ఫోన్ చేసి, ఎర పెట్టిన ఉద్దేశం కనపడలేదని పై అధికారి రాసి కేసు మూసేశాడని చెప్పాడు. గట్టిగా హెచ్చరించి పంపించారట. ఎందువల్ల అలా తేల్చారని అడిగాను. రోడ్డు పక్క మూల వల్లనన్నాడు. నెమలి కోసం ఎర పెట్టేవాడు నెమలి రాని పక్కన గింజలు పారబొయ్యడు, పసుపు అసలే పుయ్యడు అని పై అధికారి అన్నాడట. గోరింకల లెక్క కూడా పనికొచ్చిందట. నెమలిని చంపదలచినవాళ్ళు గోరింకలు తినే చోట పెట్టరని. ఆ మాట అంత సరైందని నాకనిపించలేదు. గోరింకలు అన్నిచోట్లా తింటాయి. కాని అధికారి తీర్పును మళ్ళీ కూడి చూసి తప్పు పట్టే పని నాది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ పక్క నెమళ్ళు ఎన్ని ఉన్నాయో తమ దగ్గర లెక్క లేదనీ, పెరుగుతున్నాయని రైతులు, తగ్గుతున్నాయని కాలనీలవాళ్ళు ఇద్దరూ దరఖాస్తులు ఇస్తున్నారనీ, నెలకొకసారి పొద్దున్నే వెళ్ళి లెక్కపెట్టి ఇవ్వగలనా అనీ అడిగాడు. సరేనన్నాను. ప్రపంచ జాబితాలో చింత లేని గడిలో ఉన్నా, దేశంలో మొదటి షెడ్యూలులో ఉన్నా, అలియాబాద్ దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెలియదు అని రాసిన వాళ్ళు కూడా లేరు.

పొదలు బాగా కనపడేది ఆ పొలం గట్టు మీంచే. అనుమతి అడగాలి. జూన్‌లో, వానాకాలపు దుక్కి అవుతుండగా వెళ్ళాను. చెల్లెలు తోడు వస్తానంది, వద్దన్నాను. కేసు పోయాక యజమాని ఇంకొక్క ఏడాది ఇచ్చాడట. ఆమె సాళ్ళు సరిచేస్తోంది. నన్ను చూసి పార ఆపలేదు.

వచ్చిన పని చెప్పాను. ఆమె సాలు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"నువ్వు రాసిందానితోనే బయట పడ్డమని సార్ చెప్పిండు" అంది.

"అలాగంటున్నారు."

"అయితే ఏమైంది. ఆరు నెలలు మా అవ్వ అన్నం సరిగ్గ తినలే. నేనే సంపిన, నేనే సంపిన అనుకుంట కూసుండె. నువ్వు గా మూలలు రాయకపోతే ఆమెకు తెల్వకపోవు."

ఆమె చెప్పింది సరైందే. ఆమె బయటపడడమూ, ఆమె అత్త దుఃఖమూ, రెండూ కాగితంలోని ఒకే వాక్యంలోంచి వచ్చాయి. ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యడం కుదిరేది కాదు.

"గట్టు మీద నిలబడొచ్చా?" అని మళ్ళీ అడిగాను.

ఆమె పార మీద చెయ్యి ఆన్చి పొదల వైపు చూసింది. ఒక ఆడ నెమలి అప్పటికే గట్టు దిగి, కొత్తగా తవ్విన మట్టి దగ్గర మెడ ఎత్తి చూస్తోంది. ఆమె ఒక మట్టిబెడ్డ తీసుకుని విసరకుండా చేతిలోనే నలిపేసింది.

"నిలబడు. ఎవరొద్దన్నరు. కానీ నెమళ్ళను లెక్కపెడితే నా సాళ్ళు గూడ లెక్కపెట్టాలె. అవి ఎన్నున్నయో రాస్తవు గద, ఎన్ని తవ్వినయో గూడ రాయి. సర్కారుకు గదీ తెల్వాలె."

అలా రాయడానికి అటవీ శాఖ కాగితంలో గడి లేదు. తేదీ, సమయం, మగవి, ఆడవి, పిల్లలు, అంతే. ఆమెకు ఆ సంగతి చెప్పాను.

"లేకుంటే గీస్కో" అంది, పార ఎత్తి.

నెలకొకసారి వెళ్తున్నాను. మగవి, ఆడవి, పిల్లలు రాసి, కాగితం వెనక్కి తిప్పి తవ్విన సాళ్ళు రాస్తున్నాను. ఆఫీసరు రెండు నెలలు ఏమీ అనలేదు. మూడో నెల, వెనకపక్క ఎవరికోసమని అడిగాడు. పొలం ఆమెది, ఆమె అడిగిందని చెప్పాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, రెండు వైపులా ముద్ర వేశాడు.